మింగేటప్పుడు పొలమారే బిడ్డకు పొట్టకు గొట్టం పెట్టించవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో గుత్తికి దగ్గరలో ఉన్న పల్లె. మా అబ్బాయికి ఆరేళ్లు. కాన్పు కష్టమై, పుట్టిన వెంటనే ఏడవలేదు. తొమ్మిదో నెలలో సెరిబ్రల్ పాల్సీ అని చెప్పారు. మెడ సరిగా నిలవదు, ఫిట్స్‌కు మందులు వాడుతున్నాం. బరువు పది కిలోలు దాటడం లేదు. రోజుకు నాలుగు పూటలు తినిపిస్తాను, ఒక్కో పూటకు గంటకు పైనే పడుతుంది. తిన్నదాంట్లో సగం కక్కుకుంటాడు, నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంది. ఐదారు రోజులకొకసారి రాయిలాంటి విరేచనం అవుతుంది, మధ్యలో నీళ్లలా కారుతుంది. ఏడాదిలో మూడుసార్లు నిమ్ము చేసి ఆసుపత్రిలో ఉంచాం. ఈసారి డాక్టరు గారు పొట్టకు గొట్టం పెడదామన్నారు. మా అత్తగారు ‘నోటితో తినే బిడ్డకు పొట్టకు తూటు పొడిపిస్తావా’ అని ఏడుస్తున్నారు. గొట్టం పెట్టిస్తే ఇక నోటితో తినడా? నేను సరిగా తినిపించలేకపోవడం వల్లే ఇలా అయిందా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. కాదు. రోజుకు నాలుగైదు గంటలు కూర్చుని ఒక్కో చెంచా తినిపిస్తున్న తల్లి వల్ల బిడ్డ చిక్కిపోడు. ముద్ద గొంతు దాటే క్షణంలో ఊపిరి గొట్టం మూసుకుని, అన్నవాహిక తెరుచుకోవాలి. మనకు తెలియకుండానే జరిగిపోయే ఈ పనిని మెదడు నడిపిస్తుంది. పుట్టినప్పుడు మీ అబ్బాయి మెదడుకు తగిలిన దెబ్బ కాళ్లూ చేతులతోపాటు నాలుకనూ, గొంతునూ, పొట్టనూ, పేగులనూ కూడా పట్టింది. పొలమారడం, వాంతి, మలబద్ధకం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నిమ్ము అనేవి ఐదు వేర్వేరు జబ్బులు కావు, చాలావరకు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే ఒకే సమస్య. అందుకే ఒక్కోదానికి ఒక్కో సిరప్ తెచ్చి పోస్తుంటే మీకు ఫలితం కనిపించడం లేదు.

గొట్టం విషయంలో నా అభిప్రాయం దాచను. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ డాక్టరు గారి సలహా సరైనదే అనిపిస్తోంది. నాడీ సమస్యలున్న పిల్లల పోషణ గురించి యూరప్‌లోని పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో ప్రకటించిన మార్గదర్శకాలు, తినిపించడానికి రోజు మొత్తం మీద మూడు గంటలు దాటుతుంటే గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం గురించి ఆలోచించమంటాయి. మీరు ఆ హద్దును ఏనాడో దాటారు. అయితే గొట్టం పెట్టించే ముందు చక్కబెట్టవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటిది మలబద్ధకం. చాలా ఇళ్లలో దీన్ని చిన్న విషయంగా తీసుకుంటారు, నా దృష్టిలో మాత్రం సగం చిక్కుముడి ఇక్కడే ఉంది.

మీరు ‘మధ్యలో నీళ్లలా కారుతుంది’ అని రాశారు. ఆ మాట చదవగానే నాకు అనుమానం వచ్చింది. పెద్దపేగు చివర గట్టి మలం ముద్దలా పేరుకుపోయినప్పుడు పైనుంచి వచ్చే పలుచని మలం దాని పక్కల నుంచి జారి బయటికి కారుతుంది. చూసేవాళ్లు అది విరేచనాలనుకుని మలబద్ధకం మందు ఆపేస్తారు, కొందరు విరేచనాలు కట్టే మందు కూడా వేస్తారు, దాంతో లోపలి ముద్ద ఇంకా బిగుసుకుంటుంది. డాక్టరు గారు పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తే, కావాలంటే ఒక ఎక్స్‌రే తీయిస్తే ఇది తేలిపోతుంది. పేగు ఇలా నిండి ఉన్నంతకాలం కడుపులోని ఆహారం త్వరగా కిందికి దిగదు, కొద్దిగా తినగానే పొట్ట ఉబ్బుతుంది, తిన్నది పైకి తన్నుకొస్తుంది. మలం సాఫీగా వస్తే సగం వాంతులు తగ్గిపోయే పిల్లలు చాలామంది ఉంటారు.

దీనికి ఎక్కువగా వాడేది నీళ్లలో కలిపి ఇచ్చే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. ముందు కొన్ని రోజులు ఎక్కువ మోతాదులో ఇచ్చి పేరుకున్నదంతా బయటికి పంపాలి, ఆ తర్వాత రోజూ మెత్తని విరేచనం అయ్యేలా తక్కువ మోతాదును నెలల తరబడి కొనసాగించాలి. నాలుగు రోజులు బాగా అయిందని ఆపేయడమే సాధారణంగా జరిగే పొరపాటు. మోతాదు బరువును బట్టి మీ డాక్టరు గారే నిర్ణయించాలి. పొలమారే బిడ్డకు ఈ మందు కలిపిన నీళ్లనైనా సరే గబగబా ఎక్కువగా తాగించకూడదు. బాగా పేరుకుపోయి ఉంటే ఆసుపత్రిలో ముక్కు గొట్టం ద్వారా ఇప్పించుకోవడం లేదా ఎనిమా చేయించడం మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి, దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మీ అబ్బాయికి మలబద్ధకానికని లిక్విడ్ పారఫిన్ (ఒక రకం ఖనిజ నూనె) కలిసిన సిరప్ పట్టవద్దు. ఆముదం తాగించవద్దు. ముక్కులో నూనె చుక్కలు వేయవద్దు. నూనె గొంతులో గరగరమనిపించదు, దగ్గు పుట్టించదు, కాబట్టి పొలమారిన సంగతి తెలియకుండానే ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అక్కడ చేరిన నూనెను శరీరం బయటికి పంపలేదు, అది మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని ఒక రకం న్యుమోనియాకు దారితీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు పెద్దవాళ్లు ఆనవాయితీగా ఆముదం పట్టి ఉండవచ్చు, మింగడం సరిగా రాని బిడ్డ సంగతి వేరు.

వాడుతున్న మందుల చీటీ కూడా ఒకసారి తీసి చూడండి. కండరాల బిగువు తగ్గడానికో, చొంగ తగ్గడానికో ట్రైహెక్సీఫెనిడిల్, గ్లైకోపైరోలేట్ వంటి మందులు ఇస్తారు, అవి చొంగతోపాటు పేగుల కదలికను కూడా తగ్గిస్తాయి. ఐరన్ సిరప్ మలాన్ని గట్టిపరచవచ్చు. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు, ముఖ్యంగా ఫిట్స్ మందును ఒక్క పూట కూడా మానవద్దు. ‘వీటిలో మలబద్ధకం చేసేవి ఏవి, మోతాదు తగ్గించవచ్చా’ అని మాత్రం డాక్టరును తప్పక అడగండి. నీళ్ల సంగతి కూడా లెక్క చూడాలి. పది కిలోల బిడ్డకు పాలు, జావ, నీళ్లు అన్నీ కలిపి రోజుకు దాదాపు ఒక లీటరు ద్రవం అందాలి. పొలమారుతుందన్న భయంతో మీరు నీళ్లు తగ్గించి ఉంటారు, అది సహజమే. అయితే ద్రవం తక్కువగా ఉన్నప్పుడు పీచు ఎక్కువ పెడితే మలం మెత్తబడకపోగా పొట్ట ఇంకా ఉబ్బుతుంది.

ఇప్పుడు తినిపించే పద్ధతి. మన ఇళ్లలో మెడ నిలవని బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో గొంతులోకి పోయడం అలవాటు. నోరు తెరవకపోతే ముక్కు మూసి పోసేవాళ్లు కూడా ఉన్నారు. తల వెనక్కి వాలి ఉన్నప్పుడు ఊపిరి గొట్టం తెరిచి ఉంటుంది, అప్పుడు పోసినది అటు పోయే ప్రమాదం ఎక్కువ. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి, ప్రత్యేక కుర్చీ లేకపోతే గోడ మూలలో దిండ్ల ఆసరాతోనైనా సరే. తుంటి దగ్గరా మోకాళ్ల దగ్గరా కాళ్లు మడిచి, పాదాల కింద ఏదైనా ఎత్తు పెట్టండి. తల నిటారుగా, గడ్డం కొద్దిగా ఛాతీ వైపు వంగి ఉండాలి. మీరు అతని ముఖం కన్నా ఎత్తులో నిలబడకుండా, ఎదురుగా కింద కూర్చోండి. పైనుంచి చెంచా వస్తే బిడ్డ తల పైకెత్తుతాడు. చెంచాలో సగమే తీసుకుని, నాలుక మధ్యలో ఆనించి, పెదవులు మూసుకునే దాకా ఆగండి. గొంతు ఒకసారి కదిలినట్టు కనిపించాక రెండో చెంచా పెట్టండి. కళ్లలో నీళ్లు తిరగడం, ముఖం ఎర్రబడటం, తిన్న తర్వాత గొంతు గురగురలాడటం కనిపిస్తే వెంటనే ఆపేయండి. తిన్నాక అరగంటైనా పడుకోబెట్టవద్దు.

పలుచని నీళ్లు, మజ్జిగ, పాలు గొంతులో వేగంగా జారిపోతాయి, వాటికే ఎక్కువగా పొలమారుతుంది. కాస్త చిక్కగా, ఉండలు లేకుండా ఉన్నది చాలామంది పిల్లలు మెరుగ్గా మింగుతారు. ఎంత చిక్కదనం సరిపోతుందో ఫిజియోథెరపీ విభాగంలోనో, మాటల శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్టు దగ్గరో చూపించి తెలుసుకోండి, వాళ్లు మింగడాన్ని కూడా పరీక్షిస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో బేరియం కలిపిన ఆహారం తినిపిస్తూ ఎక్స్‌రే వీడియో తీసే పరీక్ష ఉంటుంది. అందులో ముద్ద ఎటు పోతున్నదో కళ్లారా చూడవచ్చు. ఈ పరీక్ష ఎందుకు అవసరమంటే, కొందరు పిల్లలకు ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు రాదు. దగ్గు రాలేదు కాబట్టి బాగానే మింగాడని నమ్మడానికి వీల్లేదు. ఏడాదిలో మూడుసార్లు నిమ్ము చేయడమే గట్టి ఆనవాలు.

ఇక గొట్టం. దీన్ని గ్యాస్ట్రోస్టమీ అంటారు. నోటి గుండా ఎండోస్కోపు దింపి, దాని వెలుతురులో పొట్ట గోడ మీద చిన్న రంధ్రం చేసి, కడుపులోకి మెత్తని గొట్టం అమరుస్తారు. ఈ పద్ధతిని 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైఖేల్ గాడరర్ అనే పిల్లల సర్జను, జెఫ్రీ పాన్‌స్కీ అనే ఎండోస్కోపీ నిపుణుడు మొదలుపెట్టారు. మీ అత్తగారికి ఒక మాట చెప్పండి: ఇది మొదట మింగలేని చిన్నపిల్లల కోసమే పుట్టిన పద్ధతి, ఆ తర్వాతే పెద్దలకు వాడకంలోకి వచ్చింది. గొట్టం శాశ్వతం కూడా కాదు. అవసరం తీరితే తీసేస్తారు, ఆ రంధ్రం చాలామందిలో దానంతట అదే మూసుకుంటుంది, మూసుకోనివారికి కుట్లు వేస్తారు.

గొట్టం పెట్టాక నోటితో తినడా అని అడిగారు. నోరు కుట్టేయరు కదమ్మా. పరీక్షలో సురక్షితమని తేలినంత మేరకు రుచి చూపించవచ్చు, చూపించాలి కూడా. కడుపు నింపే బరువు గొట్టం మోస్తుంది కాబట్టి, ఆ నాలుగు చెంచాల పెరుగన్నమో మామిడిపండు గుజ్జో ఆదరాబాదరా లేకుండా మీ అబ్బాయి చప్పరించవచ్చు. మీ అత్తగారు మనవడికి ముద్ద పెట్టాలనుకుంటే, ఏ ముద్ద, ఎలా కూర్చోబెట్టి పెట్టాలో నేర్పించండి. ఆవిడ కన్నీళ్లలో ఉన్నది మూర్ఖత్వం కాదు, తినిపించడమే ప్రేమ అని నమ్మిన మనసు. ఆ పనిని ఆవిడ చేతుల్లోంచి పూర్తిగా లాగేయకండి.

గొట్టం వల్ల ఏమి జరగదో కూడా నిజాయితీగా చెప్పాలి. సొంత ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారడాన్ని అది ఆపదు, కడుపులోది పైకి తన్నడాన్ని ఆపదు. కాబట్టి నిమ్ము తగ్గవచ్చు గానీ ఇక రానే రాదని ఎవరూ మాట ఇవ్వలేరు. తిన్నది పైకి రావడం మరీ తీవ్రంగా ఉంటే అదనంగా వేరే శస్త్రచికిత్స అవసరమా అన్నది సర్జను చూసి చెబుతారు. రంధ్రం చుట్టూ చీము పట్టడం, ఎర్రని కండ పెరగడం, పక్కల నుంచి కారడం వంటి ఇబ్బందులు మామూలుగానే వస్తుంటాయి, వాటిలో ఎక్కువభాగం చిన్న చికిత్సతో సర్దుకుంటాయి. మీ అబ్బాయి మరీ సన్నగా ఉన్నాడు కాబట్టి, ముందు కొన్ని వారాలు ముక్కు గొట్టం ద్వారా ఆహారమిచ్చి కాస్త బలం పుంజుకున్నాక మత్తు ఇద్దామని డాక్టర్లు అనవచ్చు. అది కాలయాపన అనుకోవద్దు. చాలాకాలం అర్ధాకలితో ఉన్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం ఇస్తే రక్తంలోని లవణాలు తారుమారై ప్రాణం మీదికి రావచ్చు, అందుకే మెల్లగా పెంచుతారు.

ఇంటికి వచ్చాక గొట్టంలో ఏమి పోయాలి? ఖరీదైన డబ్బా పొడే వాడాలన్న నియమం లేదు. అలాగని పలుచని రాగిజావతోనే నెట్టుకురావడం కుదరదు. 15 గ్రాముల రాగిపిండితో చేసిన గ్లాసు జావలో సుమారు 50 కిలోకేలరీలు మాత్రమే ఉంటాయి. కడుపు నిండుతుంది, బరువు పెరగదు. పిండి ఎక్కువ వేస్తే జావ గట్టిపడి గొట్టంలో దిగదు. దీనికి మన వంటింట్లోనే ఉపాయం ఉంది. మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన రాగిపిండిని ఒక చెంచా పక్కన ఉంచుకోండి. వేయించడం మరీ ఎక్కువైతే దాని గుణం పోతుంది. మామూలు పిండితో చిక్కగా జావ కాచి దించి, కాస్త వేడి తగ్గాక ఈ చెంచా పిండి కలపండి. చూస్తుండగానే జావ పలుచబడుతుంది, మొలకల్లోని ఎంజైము గంజిని విడగొడుతుంది కాబట్టి. మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించి, చల్లార్చి, పలుచని బట్టలో వడకట్టండి. దానిలో పాలు, మెత్తగా రుబ్బిన పప్పు, ఒక చెంచా నూనె చేర్చితే అదే గ్లాసులో ఎంతో ఎక్కువ బలం ఉంటుంది. ఒక చెంచా నూనెలోనే దాదాపు 40 కిలోకేలరీలు ఉంటాయి. నూనె వద్దని పైన చెప్పి ఇక్కడ వేయమంటున్నానేమని అనుకోవద్దు. అక్కడ చెప్పింది గొంతు గుండా విడి నూనె పోయడం గురించి, ఇక్కడ అది ఆహారంలో కలిసి నేరుగా కడుపులోకి వెళుతుంది. అయితే ఈ పలుచబరిచిన జావ గొట్టానికే పనికొస్తుంది, నోటితో తినిపించేటప్పుడు చిక్కనిదే కావాలి. ఎంత, ఎన్ని పూటలు అన్నది ఆసుపత్రి డైటీషియను చేత రాయించుకోండి. ఇంట్లో చేసినది బయట రెండు గంటలకు మించి ఉంచి వాడవద్దు.

పోసే ముందూ తర్వాతా గొట్టాన్ని మంచినీళ్లతో కడగాలి, లేకపోతే మూసుకుపోతుంది. పోసేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉండాలి. మందులను విడివిడిగా ఇవ్వాలి. మెల్లగా విడుదలయ్యే రకం ఫిట్స్ మాత్రలను నలిపి పోయకూడదు, అందుకు బదులు సిరప్ ఉందేమో అడగండి. గొట్టం పొరపాటున ఊడి వస్తే ఆలస్యం చేయవద్దు, రంధ్రం కొన్ని గంటల్లోనే ముడుచుకుపోతుంది. కొత్తగా పెట్టిన మొదటి వారాల్లో అయితే మీరు తిరిగి దూర్చే ప్రయత్నం చేయకుండా శుభ్రమైన గుడ్డ కప్పి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. గాయం గట్టిపడిన తర్వాత ఇంట్లో ఏం చేయాలో డిశ్చార్జికి ముందే నర్సు గారి చేత చేసి చూపించుకోండి.

గొట్టం పెట్టినా పెట్టకపోయినా కొన్ని సూచనలకు మాత్రం తెల్లవారే దాకా ఆగకూడదు. ఆకుపచ్చని పసరు వాంతి, వాంతిలో నెత్తురు లేదా కాఫీ పొడి లాంటి నలుసులు, పొట్ట గట్టిగా ఉబ్బి గాలి కూడా పోకపోవడం, జ్వరంతో డొక్కలు ఎగరేయడం, పెదాలు నీలమవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, వాంతుల వల్ల ఫిట్స్ మందు నిలవకపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే బయలుదేరండి. ఈ పిల్లలు నొప్పి అని చెప్పలేరు. కారణం తెలియకుండా గంటల తరబడి ఏడుస్తూ ఒళ్లు బిగబట్టుకుంటుంటే అది మొండితనం కాదు, కడుపులో ఏదో బాధ ఉందని అనుకోవాలి.

బరువు గురించి ఒక మాట. అంగన్‌వాడీ చార్టులో మీ అబ్బాయి ఈడు పిల్లల గీతను అందుకోవాలని ఆశపడకండి. కండరాలు తక్కువగా కదిలే బిడ్డను ఆ గీతతో కొలవలేం. చర్మం కింద కొవ్వు మందం చూసి, నిలబడలేడు కాబట్టి మోకాలి నుంచి మడమ దాకా కొలిచి ఎత్తు అంచనా వేసి, అతనికి తగిన లక్ష్యం పెడతారు. మరీ ఎక్కువ బరువు పెరిగినా ఎత్తుకోవాల్సిన మీ నడుముకూ, అతని ఊపిరికీ భారమే.

ఖర్చు గురించి మీరు అడగలేదు, కానీ అది మీ మనసులో ఉండకుండా ఉండదు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేకపోతే వెంటనే శిబిరానికి నమోదు చేయించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు నడిపే ‘నిరామయ’ ఆరోగ్య బీమా సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, అప్పటికే జబ్బు ఉందన్న కారణంతో కాదనరు. గొట్టం పెట్టే ఖర్చు రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. జిల్లా స్థాయిలో పిల్లలకు థెరపీ అందించే ప్రభుత్వ కేంద్రాలు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉన్నాయి, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ అక్కడ ఉచితంగా దొరుకుతాయి.

డాక్టరు గారి దగ్గరికి ఈసారి వెళ్లేటప్పుడు ఒక వారం పాటు ఏ పూట ఏమి, ఎంత తిన్నాడు, ఎప్పుడు వాంతి అయింది, విరేచనం ఎలా ఉంది అని ఒక పుస్తకంలో రాసి తీసుకెళ్లండి. ఒక పూట తినిపించేటప్పుడు మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ ఎవరి చేతనైనా ఫోనులో వీడియో తీయించండి, పది నిమిషాల ఓపీలో మాటలతో చెప్పలేనిది అందులో కనిపిస్తుంది. మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి. వార్డులో ఇప్పటికే గొట్టం పెట్టించుకున్న బిడ్డ ఎవరైనా ఉంటే, ఆ తల్లి ఒప్పుకుంటే, ఒక పూట ఆహారం ఎలా పోస్తున్నదో మీ అత్తాకోడళ్లిద్దరూ పక్కన కూర్చుని చూడండి. నిర్ణయం ఆ తర్వాతే తీసుకోండి, అయితే ఇంకోసారి నిమ్ము వచ్చేదాకా మాత్రం వాయిదా వేయకండి.